ప్రాస్పెక్టస్సే మొదటి పాఠం: పీఆర్, అడ్వర్టైజింగ్ కోర్సు లోపల ఏముంది?

పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) అండ్ అడ్వర్టైజింగ్ చదవాలనుకునే విద్యార్థికి ఒక ప్రైవేట్ యూనివర్సిటీ పేరు మామూలుగా మూడు దారుల్లో చేరుతుంది. ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో దాని యాడ్ వస్తుంది. న్యూస్ సైట్‌లో అక్కడి విద్యార్థులు ఏదో పోటీ గెలిచారన్న వార్త కనిపిస్తుంది. వివరాల కోసం ఫారం నింపితే మర్నాడే అడ్మిషన్ కౌన్సెలర్ ఫోన్ చేసి, సీట్లు అయిపోతున్నాయని చెబుతారు.

మొదటిది డబ్బిచ్చి కొన్న చోటు. రెండోది విలేకరికి ఆసక్తి కలిగించి సంపాదించిన చోటు. మూడోది నేరుగా అమ్మకం. ఈ మూడూ ఎలా పనిచేస్తాయి, ఒకదానికి ఇంకొకటి ఎక్కడ ఊతమిస్తుంది, ఎక్కడ అడ్డొస్తుంది అనేదే మూడు నాలుగేళ్లు నేర్పే చదువు. అంటే ఫీజు కట్టకముందే మొదటి పాఠం మన మీదే జరిగిపోయింది. కోర్సు గురించి వచ్చే గందరగోళంలో సగం, ఆ పాఠాన్ని పాఠంగా చూడకపోవడం వల్ల వచ్చేదే.

రెండు పనులు ఒకే డిగ్రీలోకి ఎలా వచ్చాయి?

ఈ రెండు వృత్తులూ పుట్టుకతో అన్నదమ్ములు కావు. యాడ్ ఏజెన్సీ అనేది మొదట స్థలం అమ్మే వ్యాపారం. 1840లలో ఫిలడెల్ఫియాలో వోల్నీ పామర్ అనే ఆయన పత్రికల్లో ఖాళీ జాగా అమ్మిపెట్టి, ఆ పత్రికల నుంచే కమీషన్ తీసుకునేవాడు. ప్రకటనలో ఏం రాయాలన్నది ప్రకటనదారు తలనొప్పి. 1869లో అదే ఊళ్లో మొదలైన ఎన్.డబ్ల్యూ. ఏయర్ లాంటి ఏజెన్సీల కాలంలో ఈ లెక్క తిరగబడింది. ఏజెన్సీ పత్రిక మనిషిగా ఉండడం మానేసి, ప్రకటనదారు మనిషి అయింది. రాయడం, గీయడం, ఎక్కడ వేయాలో తేల్చడం అన్నీ దాని పనులయ్యాయి. కమీషన్ పద్ధతి మాత్రం 15 శాతం దగ్గర కుదురుకుని చాలా దశాబ్దాలు సాగింది.

పీఆర్ వేరే గుమ్మంలోంచి వచ్చింది. దాని మొదటితరం వాళ్లలో చాలామంది పత్రికల్లో పనిచేసినవాళ్లు. 1906లో అమెరికాలో బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ ఐవీ లీ అనే మాజీ విలేకరి పత్రికలకు తన నియమాల పత్రం ఒకటి పంపాడు. దాని సారాంశం ఇది: మాది చాటుమాటు ప్రచార విభాగం కాదు, చేసేదంతా బాహాటంగా చేస్తాం, మాది యాడ్ ఏజెన్సీ కూడా కాదు, మేం పంపింది యాడ్‌లు తీసుకునే మీ వ్యాపార విభాగానికి పోవాల్సిన సరుకని అనిపిస్తే వాడొద్దు. వార్తకీ, డబ్బిచ్చి వేయించుకునే ప్రకటనకీ మధ్య గీత గీస్తూ పీఆర్ తన పేరు తాను చెప్పుకుంది. వందేళ్లు దాటాక ఆ రెండింటినీ ఒకే డిగ్రీ పట్టాలో పక్కపక్కన అచ్చువేస్తున్నారు. ఐవీ లీ చూస్తే ఏమనేవాడో గానీ, ఆయన గురించి ఇంకో ముక్క కూడా చెప్పాలి. 1914లో కొలరాడోలోని ‘లడ్‌లో’ అనే చోట గని సమ్మె రక్తసిక్తమయ్యాక, గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున ఆయన పంపిన బులెటిన్లలో తప్పుడు వివరాలు ఉన్నాయని తేలింది. నియమం రాసినవాడే నియమం తప్పిన ఈ కథ పీఆర్ ఎథిక్స్ క్లాసుకి ఇప్పటికీ మంచి సరుకు.

మరి ఇప్పుడు కలిపి ఎందుకు నేర్పుతున్నారు? గీత చెరిగిపోయింది కాబట్టి. ఒక బ్రాండ్ తన పేజీలో పెట్టిన వీడియోని జనం పంచుకుంటారు. దానిమీద వార్త వస్తుంది. ఆ వార్తని బ్రాండ్ డబ్బు పెట్టి ఇంకా కొంతమందికి చూపిస్తుంది. ఇందులో యాడ్ ఎక్కడ ఆగింది, పీఆర్ ఎక్కడ మొదలైంది? వృత్తిలో వాళ్లు దీన్ని నాలుగు గదులుగా చూస్తారు: కొన్న మీడియా, సంపాదించిన మీడియా, నలుగురు పంచుకునే మీడియా, సొంత మీడియా. క్యాంపెయిన్ మాత్రం గదుల మధ్య గోడలు పట్టించుకోకుండా తిరుగుతుంది. ప్రకటనల రంగంలో పెద్ద పోటీ అయిన కాన్ లయన్స్‌లో 2009లో పీఆర్‌కి విడిగా అవార్డులు పెడితే, వాటిని యాడ్ ఏజెన్సీలే పట్టుకుపోతున్నాయని పీఆర్ వాళ్లు గొణుక్కోవాల్సి వచ్చింది.

అయినా స్వభావాలు వేరే. యాడ్‌లో ఒక మాట ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏ రంగులో కనిపించాలో మన చేతిలో ఉంటుంది, కానీ జనం దాన్ని నమ్మాలన్న రూలేం లేదు. వార్తని జనం కాస్త ఎక్కువ నమ్ముతారు, కానీ అది మన చేతిలో ఉండదు. మనం పంపిన ప్రెస్ నోట్‌లో విలేకరికి నచ్చిన వాక్యం మనకి నచ్చనిదే కావచ్చు. పట్టు కావాలంటే నమ్మకం కొంత వదులుకోవాలి, నమ్మకం కావాలంటే పట్టు వదులుకోవాలి. ఈ బేరం ఎవరికి సరిపడుతుందో చూసుకునే ఏ వైపు వెళ్లాలో తేల్చుకోవాలి. తను గీసిన ప్రతి గీతా తను అనుకున్నట్టే ఉండాలనుకునే మనిషికి పీఆర్‌లో రోజూ టెన్షనే.

క్లాసులో నిజంగా ఏం చేయిస్తారు?

చేరేవాళ్లలో చాలామంది ఊహ ఒకటే: క్రియేటివిటీ ఉంటే చాలు, లెక్కలు ఉండవు. రెండో ఏడాదికి ఆ భ్రమ పోతుంది.

మీడియా ప్లానింగ్ క్లాసునే తీసుకోండి. మనం చేరాలనుకున్న వందమందిలో ఎంతమందికి ప్రకటన కనీసం ఒకసారి చేరింది అనేది రీచ్. చేరినవాళ్లకి సగటున ఎన్నిసార్లు కనిపించింది అనేది ఫ్రీక్వెన్సీ. ఈ రెండూ గుణిస్తే వచ్చేది గ్రాస్ రేటింగ్ పాయింట్లు, వాడుకలో జీఆర్‌పీ. 40 మందికి సగటున 3 సార్లు చేరితే 120. 60 మందికి 2 సార్లు చేరినా 120. క్లయింట్‌కి చూపించే కాగితం మీద రెండూ ఒకటే, పని మాత్రం పూర్తిగా వేరు. ఎవరికీ తెలియని కొత్త వస్తువు పేరు జనం నోట్లో ఆడాలంటే కొద్దిమందికైనా మళ్లీమళ్లీ చూపించడం మేలు. అందరికీ తెలిసిన బ్రాండ్ ఇంకా ఉన్నానని గుర్తుచేయాలంటే ఎక్కువమందికి కొద్దిసార్లు చాలు. అంకె ఒకటే అయినప్పుడు దాని వెనక ఏ నిర్ణయం ఉందని అడగడం, ఈ క్లాసులో నేర్చుకోవాల్సిన అలవాటు. ఆ అలవాటు అడ్మిషన్ల దగ్గర కూడా పనికొస్తుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

తర్వాత రీసెర్చ్. శాంపిల్ ఎలా ఎంచుకోవాలి, ప్రశ్న ఎలా అడగాలి. ‘మా క్యాంపస్ మీకు ఎంత నచ్చింది?’ అని అడిగితే, నచ్చలేదు అన్న జవాబు ప్రశ్నలోనే సగం చచ్చిపోయింది. ‘మా క్యాంపస్ గురించి మీ అభిప్రాయం ఏమిటి?’ అనేది వేరే ప్రశ్న. వాక్యంలో ఒక మాట మారిస్తే సర్వే ఫలితం ఎలా కదులుతుందో చేసి చూసినవాళ్లకి ఇక ఏ సర్వే చదివినా కన్ను అంకె దగ్గర ఆగదు, ప్రశ్నను వెతుక్కుంటుంది. సైకాలజీ ఈ చదువులో చాలా పాతకాపు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ వాల్టర్ డిల్ స్కాట్ 1903 నాటికే ప్రకటనల మనస్తత్వం మీద పుస్తకం వేశాడు. మనసుని కాక బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలనే బిహేవియరిజానికి ఆద్యుడైన జాన్ బి. వాట్సన్ 1920లో యూనివర్సిటీ ఉద్యోగం పోయాక యాడ్ ఏజెన్సీ అయిన జె. వాల్టర్ థాంప్సన్‌లోనే చేరాడు.

ఇక బ్రీఫ్. నా దృష్టిలో డిగ్రీ మొత్తానికీ ఆయువుపట్టు ఇదే, ప్రాస్పెక్టస్‌లో మాత్రం దీని పేరు పెద్దగా కనిపించదు. ఎవరితో మాట్లాడుతున్నాం, వాళ్లు ఇప్పుడేం అనుకుంటున్నారు, మన మాట విన్నాక ఏం అనుకోవాలి, వాళ్లు ఎందుకు నమ్మాలి, ఇదంతా ఒక్క పేజీలో చెప్పాలి. 1968 ప్రాంతంలో లండన్‌లో స్టీఫెన్ కింగ్, స్టాన్లీ పోలిట్ అనే ఇద్దరు వేర్వేరు ఏజెన్సీల్లో ఉంటూ, ఈ పనికి విడిగా మనుషుల్ని పెట్టారు. అదే అకౌంట్ ప్లానింగ్. వినియోగదారుడి తరఫున ఏజెన్సీ లోపల మాట్లాడే మనిషి ప్లానర్ అన్నమాట. బ్రీఫ్ పదును లేకుండా వస్తే, ప్రకటనలో మాటలు రాసే కాపీ రైటర్ ఎంత మెరిపించినా ఆ మెరుపు గాల్లోనే పోతుంది. విద్యార్థులు మొదట్లో రాసే బ్రీఫుల్లో ‘టార్గెట్ ఆడియన్స్: 18 నుంచి 45 ఏళ్లవాళ్లు’ అని ఉంటుంది. అంటే ఎవరూ కాదు.

క్రియేటివ్ క్లాసు గురించి చెప్పాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. ఒక్క విషయం గమనించండి. ఒకప్పుడు రాసేవాడు రాసి కింద అంతస్తుకి పంపితే గీసేవాడు బొమ్మ వేసేవాడు. 1949లో న్యూయార్క్‌లో డాయల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ పెట్టిన వాళ్లలో ఒకడైన బిల్ బెర్న్‌బాక్, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. 1959లో ఆ ఏజెన్సీ చేసిన ఫోక్స్‌వ్యాగన్ ప్రకటనలో పేజీ నిండా ఖాళీ, మూల ఒక చిన్న కారు, కింద ‘చిన్నగా ఆలోచించు’ అనే అర్థం వచ్చే రెండు మాటలు. బొమ్మ లేకుండా మాటకి, మాట లేకుండా బొమ్మకి అర్థం లేదు. కాబట్టి కోర్సులో కాపీ రైటింగ్ ఒక సబ్జెక్టుగా, డిజైన్ ఇంకో సబ్జెక్టుగా ఎప్పటికీ కలవకుండా నడుస్తుంటే, అది ఎనభై ఏళ్ల కిందటి ఆఫీసుకి మనల్ని తయారుచేస్తున్నట్టు.

పీఆర్ వైపు థియరీ అనగానే వినబడే పేర్లు జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్. 1984లో వీళ్లు పీఆర్‌ని నాలుగు నమూనాలుగా విడగొట్టారు. నిజానిజాలతో పెద్దగా పని లేకుండా హడావిడి చేయడం ఒకటి. ఉన్న సమాచారాన్ని సరిగ్గా అందించడం రెండోది. జనం మనసు తెలుసుకుని, దాన్ని వాళ్లని తనవైపు తిప్పుకోవడానికి వాడడం మూడోది. జనం చెప్పింది విని, అవసరమైతే సంస్థే తన తీరు మార్చుకోవడం నాలుగోది. పరీక్షలో నాలుగోది ఆదర్శమని రాస్తే మార్కులు వస్తాయి. బయట ఎక్కువ జీతం వచ్చేది మూడోదానికి. దీని గురించి నిజాయితీగా మాట్లాడే లెక్చరర్ దొరికితే అదృష్టమే.

మూడో నమూనాకి పాఠ్యపుస్తకాల్లో వచ్చే మనిషి ఎడ్వర్డ్ బెర్నేస్. ఫ్రాయిడ్‌కి మేనల్లుడు. 1929లో న్యూయార్క్ ఈస్టర్ పెరేడ్‌లో కొందరు స్త్రీలు బహిరంగంగా సిగరెట్లు ముట్టించారు. స్త్రీల స్వేచ్ఛకి గుర్తుగా అది వార్తల్లోకి ఎక్కింది. వెనక ఉన్నది బెర్నేస్, ఆయన వెనక ఉన్నది సిగరెట్ కంపెనీ. యూనివర్సిటీలో తొలిగా పీఆర్ కోర్సు చెప్పింది కూడా ఈయనేనని చెబుతారు: 1923లో, న్యూయార్క్ యూనివర్సిటీలో. ఇంత తెలివైన పనిని మెచ్చుకోవాలా, ఛీ అనాలా? క్లాసులో రెండూ జరుగుతాయి. మెచ్చుకోవడం మాత్రమే జరిగే క్లాసు అనుమానించదగ్గది.

సంక్షోభ సమయంలో ఏం చేయాలన్నదానికి అందరూ చెప్పే ఉదాహరణ జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ వాళ్ల నొప్పి మాత్ర టైలినాల్. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ మాత్రల్లో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తీసుకుని, ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే ప్యాకింగ్‌తో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. అక్కడ పరువు కాపాడింది మంచి ప్రెస్ నోట్ కాదు, సీసాలు వెనక్కి రావడం. దీనికి ఎదురుగా 2017 నాటి బెల్ పాటింజర్‌ని పెట్టి చదవాలి. లండన్‌లోని ఆ పీఆర్ సంస్థ, దక్షిణాఫ్రికాలో ఒక వ్యాపార కుటుంబం కోసం జాతి వైరాన్ని రెచ్చగొట్టే ప్రచారం నడిపిందని బ్రిటన్‌లోని పీఆర్ సంఘం దాన్ని బహిష్కరించింది. కొద్ది రోజుల్లోనే సంస్థ కుప్పకూలింది. ఇతరుల పేరు కాపాడటం వృత్తిగా పెట్టుకున్నవాళ్లు తమ పేరు తాము కాపాడుకోలేకపోయారు.

అంకెల మాయ

ఇప్పుడు ప్రైవేట్ యూనివర్సిటీ దగ్గరికి వద్దాం. దానికి మధ్యలో ఇంకో చిన్న కథ అవసరం.

పీఆర్ వాళ్లు చాలాకాలం తమ పని విలువని ఒక విచిత్రమైన పద్ధతిలో కొలిచేవాళ్లు. పత్రికలో మన గురించి వార్త ఇంత జాగాలో వచ్చింది. అంతే జాగాలో యాడ్ వేస్తే ఇంత ఖర్చయ్యేది. కాబట్టి మేం మీకు అంత డబ్బు సంపాదించిపెట్టాం. వార్తని జనం ఎక్కువ నమ్ముతారు కదా అని దాన్ని రెండుతోనో మూడుతోనో హెచ్చవేసిన ఘనులూ ఉన్నారు. ఆ వార్త మనల్ని తిట్టినా జాగా జాగాయే. 2010లో బార్సిలోనాలో కొలతల నిపుణులు సమావేశమై, ఈ లెక్క పీఆర్ విలువని చెప్పదని సూత్రంగా రాసుకున్నారు. ఎంత పంపాం, ఎంత వచ్చింది అన్నది కాదు, దానివల్ల ఎవరి ఆలోచనలో, ప్రవర్తనలో ఏం మారిందో కొలవాలన్నారు. పాత లెక్క ఇంకా చావలేదు. పెద్ద అంకె చూపించే సుఖాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

ప్రాస్పెక్టస్‌లో ‘ప్లేస్‌మెంట్ 95 శాతం’ అని కనిపిస్తే గుర్తు రావాల్సింది ఈ కథే. 95 శాతం, కానీ దేనిలో? చేరినవాళ్లలోనా, పాసైనవాళ్లలోనా, ప్లేస్‌మెంట్ కోసం పేరు నమోదు చేసుకున్నవాళ్లలోనా? మధ్యలో మానేసినవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు? ఉద్యోగం అంటే ఏజెన్సీలో ఉద్యోగమా, మూడు నెలల ఇంటర్న్‌షిప్ కూడానా, ఫోన్‌లో అమ్మకాలు చేసే పనా? ‘అత్యధిక జీతం’ అనేది ఒక్క మనిషి కథ. తెలుసుకోవాల్సింది వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతం. పేజీ అడుగున వరసగా పేర్చిన కంపెనీల లోగోల్లో ఎన్ని నిజంగా మనుషుల్ని తీసుకున్నాయి, ఎన్ని ఒకసారి వచ్చి ఉపన్యాసమిచ్చి వెళ్లాయి? జీఆర్‌పీ 120 వెనక ఏముందని అడిగినట్టే వీటినీ అడగాలి. ఇవి అబద్ధాలని నేననడం లేదు. ఏ ప్రకటనలోనైనా నిజాన్ని అందంగా కనిపించే వైపు నుంచే చూపిస్తారు, అంతే.

ప్రైవేట్ యూనివర్సిటీకి సహజంగా ఉండే బలాలు నిజమైనవే. కొత్త సబ్జెక్టు చేర్చడానికి ఏళ్లు పట్టకపోవచ్చు. స్టూడియో, సాఫ్ట్‌వేర్, కెమెరాల మీద డబ్బు పెట్టగలదు. రోజంతా ఏజెన్సీలో పనిచేసేవాళ్లని వారానికి ఒక క్లాసుకి పిలిపించగలదు. ప్రతి బలానికీ ఒక మరో వైపు ఉంది. త్వరగా మారే సిలబస్ త్వరగా పలచబడుతుంది కూడా. నిరుడు ఊపులో ఉన్న యాప్ మీద ఒక పేపర్ పెట్టి, దానికోసం స్టాటిస్టిక్స్ తీసేసిన కోర్సు మూడేళ్లలో పాతబడుతుంది. ఏజెన్సీ నుంచి వచ్చే మనిషి గొప్ప కథలు చెబుతారు, కానీ క్లయింట్ పిలిస్తే క్లాసు రద్దు. అతిథి పేర్లు ఎన్ని ఉన్నా, విద్యార్థి రాసిన పదో డ్రాఫ్ట్‌ని కూర్చుని ఎర్ర సిరాతో దిద్దే శాశ్వత లెక్చరర్లు ఎంతమంది ఉన్నారో చూడాలి. రాయడం అలా దిద్దించుకునే వస్తుంది, ఇంకో దారి లేదు.

ఫీజుతో కొనుక్కునే వాటిలో పరిచయాలు ఒకటని అందరికీ తెలుసు, పైకి చెప్పడం తక్కువ. ఈ రంగంలో తొలి ఉద్యోగం చాలాసార్లు ఇంటర్న్‌షిప్‌లోంచే వస్తుంది. కాబట్టి అది సిలబస్‌లో భాగమా, దాన్ని యూనివర్సిటీ చూసిపెడుతుందా, విద్యార్థే వెతుక్కోవాలా, అక్కడ ఏం చేశారో ఎవరైనా అడుగుతారా అన్నవి గదిలో ఏసీ ఉందా అన్నదానికంటే పెద్ద ప్రశ్నలు. కొన్నిచోట్ల విద్యార్థులే నడిపే ఏజెన్సీ ఉంటుంది, బయటి చిన్న సంస్థలకి నిజంగా పనిచేసి పెడుతుంది. అలాంటిది ఉంటే దాని విలువ మూడు సబ్జెక్టులంత. క్లయింట్ ఫోన్ ఎత్తకపోవడం, చివరి నిమిషంలో లోగో మార్చడం, బిల్లు ఆలస్యం కావడం ఏ పుస్తకంలోనూ ఉండవు.

పట్టా చేతికొచ్చాక రెండు దారులు మళ్లీ విడిపోతాయి. యాడ్ ఏజెన్సీ క్రియేటివ్ విభాగం మార్కుల కాగితం కంటే ముందు పోర్ట్‌ఫోలియో, అంటే మనం చేసిన పనుల కూర్పు, చూస్తుంది. పీఆర్ సంస్థ తరచుగా ఒక రాత పరీక్ష పెడుతుంది: ఈ సమాచారంతో గంటలో ప్రెస్ నోట్ రాయండి అని. ప్రాస్పెక్టస్ బొమ్మల్లో కనిపించని మూడో దారి క్లయింట్ సర్వీసింగ్. అంటే క్లయింట్‌కీ క్రియేటివ్ వాళ్లకీ మధ్య నిలబడి, ఇద్దరి కోపాన్నీ భరించి, పని సమయానికి అయ్యేలా చూడడం. కాపీ రైటర్ అవుతామని చేరినవాళ్లలో చాలామంది తేలేది ఇక్కడే. తక్కువ పనేమీ కాదు, కానీ ముందే తెలిస్తే మనసు కష్టపెట్టుకోరు.

ఏఐ సంగతి అడగకుండా ఈ మధ్య ఏ తల్లిదండ్రులూ వదలడం లేదు. మామూలు క్యాప్షన్, మొదటి డ్రాఫ్ట్, పది రకాల హెడ్‌లైన్లు ఇప్పుడు యంత్రం క్షణంలో ఇస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి చేయి తిరిగేది ఆ చిన్న పనుల మీదే, కాబట్టి దెబ్బ తగిలేది మొదటి మెట్టుకి. ఆ పదింట్లో ఏది అచ్చుకి పోవాలో, ఏది క్లయింట్ పరువు తీస్తుందో చెప్పగలిగే చూపు మాత్రం బ్రీఫ్, రీసెర్చ్, ఎథిక్స్ క్లాసుల్లోంచి వస్తుంది. విద్యార్థులకి ఎక్కువగా నిద్ర వచ్చే క్లాసులు కూడా అవే కావడం తమాషా.

క్యాంపస్ చూడ్డానికి వెళ్తే స్టూడియో తప్పకుండా చూపిస్తారు. చూడండి, బాగుంటుంది. తర్వాత నిరుటి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చూపించమనండి. అవార్డు వచ్చినది ఎలాగూ బల్లమీదే ఉంటుంది. క్లాసులో మధ్యస్థంగా ఉన్న విద్యార్థిది అడగండి. ఆ తర్వాత కౌన్సెలర్‌ని నెమ్మదిగా, ఈ కోర్సులో చేరి మధ్యలో ఎంతమంది మానేశారని అడిగి చూడండి. తడుముకుంటారా, మాట మారుస్తారా, తెలుసుకుని చెబుతామని మూడో రోజున నిజంగా ఫోన్ చేస్తారా? గ్రూనిగ్ చెప్పిన నాలుగు నమూనాల్లో ఆ యూనివర్సిటీ తనది ఏదో మీకు అప్పుడే చూపించేస్తుంది.